మొదటి మెట్టు మీద వేలు

జూన్ 9, సోమవారం

ఒకే మనిషికి, ఒకే ఛాతీకి మూడుసార్లు తీశాను ఈ రోజు. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చిన ఇందిరమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి, నెల రోజులుగా దగ్గు. మొదటి బొమ్మ ఇసుక చల్లినట్టు వచ్చింది. రెండోదీ అంతే. మూడోసారి కరెంటు పెంచితే అప్పుడు పక్కటెముకలు తేలాయి.

"ఇంకెన్నిమాట్ల తీస్తవమ్మా? ఉన్న ఊపిరంత నీకే ఇచ్చిన" అంది.

నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ ముసలావిడ మీద కాదు. డాక్టర్ విష్ణువర్ధన్ గారి మీద. ఈ ఎక్స్-రే సెంటర్ ఆయనది, ట్యూబు బలహీనపడిందని నెల నుంచీ చెబుతున్నాను. "చూద్దామమ్మా" అంటారు. ఏం చూస్తారు? బొమ్మ బాగా రాకపోతే జనం తిట్టేది నన్ను. మరోసారి కిరణాలు పడేది వాళ్ళ ఒంటి మీద. ఆయన ఏసీ గదిలో కూర్చుని చూస్తారట.

కాకినాడలో చదువుకునేటప్పుడు డైరీ రాసేదాన్ని. పెళ్ళయి, హరీశ్ ఉద్యోగం కోసం ఈ జహీరాబాద్ వచ్చాక మానేశాను. మళ్ళీ మొదలుపెట్టాను. లేకపోతే ఈ కోపమంతా హరీశ్ అన్నం కంచంలో పడేలా ఉంది.

జూన్ 11, బుధవారం

మల్లప్పది ఇరవై రెండేళ్ళ అనుభవమట. అనుభవం కాదు, నాటకం.

రాయికోడ్ నుంచి పొద్దున్నే వచ్చి రెండింటిదాకా డ్యూటీ చేస్తాడు. తర్వాత నాది. ఈ రోజు తొందరగా వెళ్ళాను కాబట్టి ఆయన వాటం పూర్తిగా చూశాను. రోగి ఎదురుగా నిలబడి తనే రొమ్ము విరుచుకుంటాడు. బుగ్గలు ఉబ్బిస్తాడు. కళ్ళు పెద్దవి చేసి ఊపిరి బిగబట్టి, చెయ్యి గాల్లో ఆపి, తర్వాత ఉఫ్ అని వదులుతాడు. రోగి చేత రెండుసార్లు చేయిస్తాడు. అదంతా అయ్యాక తీరిగ్గా గాజు తలుపు వెనక్కి నడిచొచ్చి ఒక్క నొక్కు. ఒక్కొక్కరికి అంత తతంగం.

స్విచ్చికి ఉన్నవే రెండు మెట్లు. మొదటి మెట్టు నొక్కితే ట్యూబులో తీగ తెల్లగా కాగుతుంది, మోటారు గుయ్యిమని తిరుగుతుంది. రెండో మెట్టు నొక్కితే బొమ్మ పడుతుంది. నేను మనిషిని నిలబెట్టి లోపలికి వచ్చి మొదటి మెట్టు నొక్కుతాను. ఆ చప్పుడు మొదలవగానే ఎంత వాగుడుకాయ అయినా నోరు మూసుకుని నిటారుగా నిలబడతాడు. అప్పుడు చెబుతాను. ఊపిరి పీల్చండి, ఆపండి. అర్థం కాకపోతే, సాంస్ లేవ్, రోకో. బీదర్ వైపు వాళ్ళయితే కన్నడంలో, ఉసిరు తగొళ్రి, హిడ్కొళ్రి. మూడేళ్ళలో మూడు భాషల్లో ఊపిరి నేర్చుకున్నాను. ఒక్కరు మెచ్చుకున్నారా?

ఇంకోటి. డ్యూటీ రెండింటికి అయిపోతుంది కానీ రాయికోడ్ బస్సు నాలుగింటికి. అప్పటిదాకా మల్లప్ప తలుపు బయట బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. కాపలా కాసినట్టు. ఈ రోజు నేను బయటికి రాగానే, పది మంది రోగుల ముందు అన్నాడు:

"అమ్మా, మోటరు జర ఎక్వసేపు తిరుగుతున్నట్టున్నది. తీగకు మంచిది కాదేమో."

"మల్లప్పగారూ, మీ దగ్గర సర్టిఫికెట్ ఉందా?" అన్నాను.

నోరు మూతపడింది. పడాలి. రిసెప్షన్ గోడ మీద ఫ్రేములో వేలాడేది నా సర్టిఫికెట్. అది ఉంది కాబట్టే ఈ సెంటర్‌కి పర్మిషన్ ఉంది. ఆయనకి వేలు పెట్టి నొక్కడం తప్ప తీగ ఎందుకు కాగుతుందో కూడా తెలియదు.

జూన్ 14, శనివారం

వాన. నలుగురికి తిరిగి తీశాను. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 19, గురువారం

ట్యూబు చచ్చింది.

మల్లప్ప చేతిలో చచ్చింది. పొద్దున పదకొండింటికి. ఫోన్ చేస్తే నేను వెళ్ళేసరికి హాల్లో ఇరవై మంది గొడవ. మెషీన్ ముందు చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. డాక్టర్ గారు అందరి ముందు అరుస్తున్నారు. "ఏం జేసినవ్ చెప్పు! ఏం నొక్కినవ్?" మల్లప్ప ఒకటే మాట. "రోజు లెక్కనే ఒత్తిన సార్."

నెల నుంచీ మొత్తుకుంటున్నాను కదా, ఇప్పుడు అనుభవించండి అనిపించింది. అందరూ అనుభవించండి. ఇంటికొచ్చి రెండు గంటలు నిద్రపోయాను.

జూన్ 21, శనివారం

హైదరాబాద్ నుంచి సర్వీస్ ఇంజనీర్ సత్యనారాయణగారు వచ్చారు. మా వైపు మనిషే, మాటలో తెలిసిపోయింది. ట్యూబు కిందికి దింపి, దాని కిటికీలోంచి టార్చి వేసి డాక్టర్ గారిని పిలిచి చూపించారు. నేనూ చూశాను. గాజు లోపలి వైపు నల్లగా, అద్దంలా మెరుస్తూ పూత పట్టి ఉంది.

"అది బయటి మసి కాదండీ. తీగే" అన్నారాయన. "టంగ్‌స్టన్ తీగ ఎర్రగా, తెల్లగా కాగితే దాంట్లోంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఎదుటి పలక వాటిని లాక్కుంటుంది. అదే కరెంటు. ఆ కరెంటు లేకపోతే మీకు ఎక్స్-రే లేదు. మనకి కావలసింది అంతవరకే. కానీ తీగని అంత వేడి మీద ఊరికే ఉంచేశారనుకోండి, ఎలక్ట్రాన్లతోపాటు లోహం కూడా ఆవిరై పోతుంది. పోయి గాజుకి పడుతుంది. తీగ సన్నబడి సన్నబడి ఒక రోజు పుటుక్కున తెగుతుంది."

డాక్టర్ గారు బుర్ర గోక్కున్నారు. ఇంజనీర్ మళ్ళీ చెప్పారు. "జొన్న పేలాలు వేయిస్తారు కదండీ. మూకుడు కాగితేనే గింజ ఎగురుతుంది. గింజలు లేకుండా మూకుడు మండుతూ ఉంచితే ఏమవుతుంది? మూకుడే పోతుంది."

నాకు చిరాకేసింది. థర్మియానిక్ ఎమిషన్. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. రెండుకి రెండు తెచ్చుకున్నాను నేను. పేలాలట.

అప్పుడు అడిగారు. "మొదటి మెట్టు మీద వేలు ఎక్కువసేపు పట్టుకునేది ఎవరండీ?"

గదిలో ఉన్నది నలుగురం. డాక్టర్ గారు నన్ను చూశారు. మల్లప్ప కూడా నన్నే చూశాడు.

"నేను కోర్సులో చదువుకున్నాను సార్" అన్నాను.

డాక్టర్ గారు ఆయన వైపు తిరిగారు. "మల్లప్పా, నువ్వేనా?"

"నాకు గీ ముచ్చట్లన్ని తెల్వవు సార్. ముందుగాల ఊపిరి పట్టిపిస్త, ఆనెంక ఒత్తుత."

"మరెట్ల పోయింది?"

మల్లప్ప ఇంకా నన్నే చూస్తున్నాడు. ఎందుకు చూడాలి? నా మొహం మీద ఏమైనా రాసుందా? చివరికి నేల చూశాడు.

"రేపటి సంది రాకు" అన్నారు డాక్టర్ గారు.

నేను అబద్ధం చెప్పలేదు. కోర్సులో చదువుకున్న మాట నిజం.

జూన్ 22, ఆదివారం

నేను అబద్ధం చెప్పలేదు.

జూన్ 30, సోమవారం

కొత్త ట్యూబు వచ్చి మూడు రోజులయింది. బొమ్మలు అద్దంలా వస్తున్నాయి. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా నేనే. ఇంకొకరిని పెట్టండంటే "చూద్దామమ్మా."

కొత్త కంట్రోల్ బోర్డు మీద ఒక చిన్న తెర ఉంది. మొదటి మెట్టు ఎన్ని సెకన్లు పట్టుకున్నామో ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. ఇంజనీర్ వెళ్తూ వెళ్తూ, "రెండు సెకన్లు చాలమ్మా, తీగ సిద్ధం" అని చెప్పి పోయారు. ఆ ఎర్ర వెలుతురు కళ్ళకు కొడుతోంది. దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించాను.

రాయికోడ్ నుంచి ఒకాయన, మోకాలు ఫొటోకి వచ్చాడు. "మల్లప్ప లేడా? ఉంటె ఆయనతోని తీపిచ్చుకుంట" అన్నాడు. లేడని చెప్పాను. "గట్లైతె రేపొస్త" అన్నాడు. రేపు కూడా ఉండడన్నాను. నమ్మలేనట్టు తలుపు దగ్గర కాసేపు నిలబడి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్ లేని వాడి కోసం మోకాలు నొప్పి కూడా వాయిదా వేసుకుంటారు ఈ జనం.

బయట బెంచీ ఖాళీ. పీడా పోయింది.

జూలై 4, శుక్రవారం

హరీశ్‌తో గొడవ. అన్నం తింటూ అడిగాడు.

"కొత్తది వచ్చిందిగా, ఇంకా ఏంటి చిరాకు?"

"చిరాకేం లేదు."

"ఆ పెద్దాయన ఎక్కువసేపు పట్టుకుని కాల్చేశాడన్నావు. మరి నువ్వు ఎంతసేపు పట్టుకుంటావు?"

మామూలుగానే అడిగాడు. కూర గరిటె తీసి గిన్నెలో కొట్టాను, పులుసు గోడకెగిరింది. "మీ ఫ్యాక్టరీ సంగతి మీరు చూసుకోండి. నా పని నాకు నేర్పకండి."

"నేనేమన్నానే ఇప్పుడు?" అన్నాడు పాపం. నిజమే, ఏమన్నాడు?

గోడ మీద మరక పోలేదు. రెండుసార్లు తుడిచాను.

జూలై 10, గురువారం

ప్లాస్టర్ పీకేశాను.

పదకొండు. తొమ్మిది. పదహారు. పద్నాలుగు. బీదర్ దారిలోంచి వచ్చిన ఒక తాతకి మూడు భాషలూ అయ్యేసరికి పంతొమ్మిది. మెషీన్ గడియారం తప్పు అనుకున్నాను. నా ఫోన్‌లో పెట్టి చూశాను. ఫోన్‌లో ఇరవై.

ఆ రోజు ఇంజనీర్ ఇంకో మాట కూడా అన్నారు. రాయలేదు. "దీనికి ముందు ట్యూబు తొమ్మిదేళ్ళు వచ్చిందండీ ఇక్కడ. ఇది రెండున్నరేళ్ళకే పోయింది" అన్నారు. ఆ తొమ్మిదేళ్ళలో, చివరి ఆరు నెలలు తప్ప, ఈ మెషీన్ మీద ఉన్నది మల్లప్ప ఒక్కడే. నేను చేరి మూడేళ్ళు. ఎవరు చదువుతారని ఇక్కడ కూడా దాచాను? ఈ నోటుబుక్కు బీరువాలో నా చీరల కింద ఉంటుంది.

అటక మీంచి కాలేజీ పుస్తకం దింపాను. ఉంది. "మొదటి దశలో స్విచ్‌ను అవసరానికి మించి పట్టుకోరాదు, ఫిలమెంట్ ఆయుష్షు తగ్గును." దాని కింద ఎర్ర పెన్నుతో గీత. గీత నాదే. పక్కన "ముఖ్యం" అని కూడా రాశాను. పుస్తకం విసిరేశాను. వెళ్ళి సిలిండర్‌కి తగిలింది.

ఆ చప్పుడు కోసం పట్టుకునేదాన్ని. అదీ అసలు సంగతి. చేరిన కొత్తలో ఎవరూ నా మాట వినేవాళ్ళు కాదు. నా తెలుగుకి నవ్వేవాళ్ళు, "ఆంధ్రామె ఏమంటున్నది?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. మోటారు గుయ్యిమనగానే అందరూ కిక్కురుమనకుండా నిలబడేవాళ్ళు. నాకు అది బాగుండేది. చాలా బాగుండేది. తీగ లోపల కాలిపోతోందని అప్పుడు గుర్తుకొచ్చిందా? రెండుకి రెండు మార్కులు!

జూలై 12, శనివారం

సోమవారం చెబుతాను.

జూలై 14, సోమవారం

డాక్టర్ గారు ఊళ్ళో లేరు.

జూలై 15, మంగళవారం

ఉన్నారు. కానీ హడావిడిగా ఉన్నారు.

జూలై 16, బుధవారం

మల్లప్ప భార్య వచ్చింది. హనుమమ్మ. ఇంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టిన తెల్లకోటు చేతిలో ఉంది, దాని మీద ఐడీ కార్డు.

"అప్పజెప్పి రమ్మన్నడు" అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను, తిరిగి రెండు మాటలు అనడానికి కూడా. ఆమె తిట్టలేదు. మంచినీళ్ళు తాగి బెంచీ మీద కూర్చుంది.

"టౌన్ల రెండు సెంటర్లకు పోయిండు బిడ్డా. 'ట్యూబు కాల్చినోడివి నువ్వే కదా' అన్నరట. ఇరవై రెండేండ్లు గీ కోటు ఏసిన మనిషి. ఇప్పుడు అల్లం చేన్ల కలుపుకు పోతున్నడు, ఆడోళ్ళతోని."

 "ఆయన తప్పు చేసుండరులెండి" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నోట్లోంచి. సిగ్గు లేదు నాకు.

"ఆయనకు తెల్సు" అంది.

"ఏం తెలుసు?"

"గీ బెంచీ మీద కూసుండి రోజు ఇన్నడట గద, మోటరు సప్పుడు. నీకు జెప్పిండట. నువ్వు సర్టిఫికెట్ అడిగినవట."

"మరి ఆ రోజు డాక్టర్ గారికి ఎందుకు చెప్పలేదండీ?" గట్టిగానే అన్నాను.

"నేను గదే అడిగిన. 'ఆ పిల్ల ఎదురుంగనే నిలవడ్డది, నోరున్నది, తనే జెప్తదనుకున్న' అన్నడు."

కోటు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తనే చెబుతుందనుకున్నాడట. ఎవరు అనుకోమన్నారు? నేనెవరిని ఆయనకి? నా మీద ఆ నమ్మకం పెట్టుకోమని నేను అడిగానా? సర్టిఫికెట్ ఉందా అని పది మందిలో పరువు తీసిన దాని మీద నమ్మకం ఏమిటి? అక్కడే చెయ్యి చూపించి "ఈమె" అని ఉంటే నేను ఎదురు తిరిగి పోట్లాడేదాన్ని, హాయిగా ఉండేది. ఇప్పుడు ఎవరితో పోట్లాడాలి? ఈ పేజీ చిరిగేలా ఉంది, పెన్ను అంత గట్టిగా నొక్కుతున్నాను.

జూలై 17, గురువారం

డాక్టర్ గారి గదిలోకి వెళ్ళి తలుపు వేసి చెప్పాను. ట్యూబు కాలింది నా వల్ల, మల్లప్ప వల్ల కాదు.

ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"నాకు ఆ రోజే డౌట్ వచ్చిందమ్మా. తొమ్మిదేండ్ల ముచ్చట ఇంజనీరు నాకు మంచిగనే జెప్పిండు."

"తెలిసి కూడా ఆయన్ని తీసేశారా?"

"మరేం జేయాలె? ఎవలనో ఒకల్ని అనకుంటె పార్ట్‌నర్లు నన్నంటరు. నిన్ను తీసేస్తె సర్టిఫికెట్ పోతది, సెంటర్ బంద్ అయితది. మల్లప్ప పోతె ఒక్క మనిషి పోతడు. అయిపోయిందమ్మా, ఇడిచిపెట్టు. ఇప్పటిసంది జర జాగ్రత్తగ ఒత్తు, సాలు."

ఒక్క మనిషి పోతాడట. వెంటనే నేను ఏమీ అనలేదు. అనాల్సింది. బయటికొచ్చి ముగ్గురికి ఎక్స్-రేలు తీశాను. ఒకటి కూడా మళ్ళీ తీయాల్సి రాలేదు.

జూలై 20, ఆదివారం

హరీశ్‌కి అంతా చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత బండి తాళాలు తీసుకుని, "పద, రాయికోడ్ వెళ్దాం" అన్నాడు.

మల్లప్ప ఊరి బయట అల్లం మడిలో ఉన్నాడు. మోకాళ్ళదాకా బురద, తలకి తువ్వాలు. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టాడు. హరీశ్ గట్టు మీదే ఆగిపోయాడు. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పాను. నావల్లే అయిందని, తప్పు నాదేనని, క్షమించమని.

ఏడుపు వచ్చింది. ఆయన ఊరుకోమంటాడనుకున్నాను. ఊరుకోమంటాడని గట్టి నమ్మకంతోనే వచ్చాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"ఈడికొచ్చి నా ఒక్కనికి జెప్తె ఏమైతదమ్మా?" అన్నాడు. మూడేళ్ళలో ఆయన గొంతు పెద్దది కావడం ఎప్పుడూ వినలేదు. పక్క మళ్ళలో ఆడవాళ్ళు పని ఆపి చూశారు. "నాకు తెల్వని ముచ్చటనా? రోజు ఇన్న గద నేను! నా పేరు ఆడ పోయింది. ఆ హాల్ల పోయింది, నలుగుర్ల పోయింది. ఈ బురదల నువ్వు ఏడిస్తె నా పేరు వాపసొస్తదా?"

"డాక్టర్ గారికి చెప్పానండీ."

"తలుపేసుకోని జెప్పినవా, తీసి జెప్పినవా?"

"వేసుకునేనండీ."

"గంతే మరి" అని కొడవలి తీసుకుని వంగిపోయాడు. మళ్ళీ తలెత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు హరీశ్ నడుము పట్టుకుని బండి మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు కోపంతోనే. 

జూలై 21, సోమవారం

వరసగా రాస్తాను, లేకపోతే మళ్ళీ ఏదో ఒకటి దాచేస్తాను.

ఎనిమిదింటికి వెళ్ళాను. మెషీన్ ఆన్ చేయలేదు. రిసెప్షన్ గోడ దగ్గర స్టూలు వేసుకుని ఎక్కి నా సర్టిఫికెట్ దింపాను. ఫ్రేము వెనక బల్లి పరిగెత్తింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను, మల్లప్ప కూర్చునే చోట. జనం రావడం మొదలైంది. పద్నాలుగు మంది అయ్యారు. అందులో ఇందిరమ్మ కూడా ఉంది, దగ్గు తగ్గిందో లేదో చూపించుకోవడానికి వచ్చింది.

తొమ్మిదిన్నరకి డాక్టర్ గారు వచ్చారు. "ఏమైందమ్మా? గట్ల కూసున్నవేంది? లోపలికి రా, మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడతానండీ."

లేచి నిలబడ్డాను.   ఏ భాషలో మొదలుపెట్టాలో కాసేపు తెలియలేదు.

"పోయిన నెల ఇక్కడ మెషీన్ ట్యూబు కాలిపోయింది. మల్లప్ప కాల్చాడని ఆయన్ని తీసేశారు. ఆయన కాల్చలేదు. నేను కాల్చాను. రోజూ స్విచ్ అనవసరంగా పట్టుకుని నేనే కాల్చాను. అడిగినప్పుడు చెప్పకుండా నిలబడ్డాను."

మూలన ఇద్దరు ముస్లిం ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. వాళ్ళ వైపు తిరిగాను. "వో ట్యూబ్ మల్లప్ప నై జలాయె. మై జలాయీ." తలుపు దగ్గర బీదర్ వైపు మనిషి. "ఆ ట్యూబు మల్లప్ప సుట్టిల్ల. నాన సుట్టీని." మూడు భాషల్లోనూ చెప్పాను. ఈసారి నా వేలు ఏ స్విచ్ మీదా లేదు. మోటారు చప్పుడు లేకుండానే అందరూ విన్నారు.

మొదట మాట్లాడింది ఇందిరమ్మ. "గట్లనా! నాకు మూడుమాట్ల తీసింది గందుకేనా? నా పానం గుంజినవ్ గదనే తల్లీ!" అని దగ్గుతూ తిట్టింది. నిజంగానే తిట్టింది, నవ్వుతూ కాదు. నిలబడి పడ్డాను.

డాక్టర్ గారి మొహం కందగడ్డ అయింది. "నన్ను బద్నాం జేస్తున్నవా? బెదిరిస్తున్నవా?"

"అవునండీ. మల్లప్ప గారిని మీరే ఫోన్ చేసి పిలవాలి. ఇదే హాల్లో, వీళ్ళందరి ముందు. అప్పటిదాకా ఇది నా ఒళ్ళో ఉంటుంది. పిలవకపోతే ఇంటికి పట్టుకుపోతాను. ఒక్క మనిషే కదా అన్నారు, ఆ ఒక్క మనిషి లేకుండా మెషీన్ నడవదు ఈ రోజు."

"ఆయన వచ్చినంక నీ సంగతి చూస్త" అన్నారు.

"చూద్దురుగాని."

పదకొండింటిదాకా మెషీన్ ఆన్ కాలేదు. జనం పోలేదు, గొడవ మొదలుపెట్టారు. రాయికోడ్ మోకాలు నొప్పి ఆయన ఇంకా తీయించుకోలేదట, ఈ రోజే వచ్చాడు. అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే. పదకొండుంపావుకి డాక్టర్ గారు ఫోన్ తీశారు. స్పీకర్ పెట్టమన్నాను. పెట్టారు.

"మల్లప్పా... తప్పు నీది కాదు. నాకు తెల్సి కూడ అన్న. రేపటి సంది రా."

అవతల చేనులో ఆడవాళ్ళ మాటలు వినపడ్డాయి. తర్వాత, "ఎవలెవలున్నరు సార్ ఆడ?" అని అడిగాడు.

"అందరు ఉన్నరు."

"అయితె వస్త."

జూలై 23, బుధవారం

నిన్న పొద్దున ఎనిమిదికి మల్లప్ప వచ్చాడు. నేను పెట్టెలో దాచిన తెల్లకోటు తీసి ఇచ్చాను. తీసుకున్నాడు. నాతో మాట్లాడలేదు. నిన్నంతా మాట్లాడలేదు. ఈ రోజూ లేదు. టీ తెచ్చి ముందు పెడితే తాగాడు, అంతే.

నా ఉద్యోగం ఈ నెలాఖరుదాకానే. ఆలోగా ఇంకో సర్టిఫికెట్ మనిషిని చూసుకుంటారట, అప్పటిదాకా ఉండమన్నారు. ఉంటాను. కోపం పోయిందా అంటే పోలేదు. డాక్టర్ గారి మీద ఉంది, నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఉండనీ.

ఈ రోజు రెండింటికి నా డ్యూటీ మొదలైంది. నారాయణఖేడ్ నుంచి ఒకామె, మరాఠీ తప్ప ఏమీ రాదు. నా మూడు భాషలూ దండగ. గాజు తలుపు వెనక్కి వెళ్ళకుండా ఆమె ఎదురుగా నిలబడ్డాను. రొమ్ము విరిచాను. బుగ్గలు ఉబ్బించాను. చెయ్యి గాల్లో ఆపి ఊపిరి బిగబట్టాను, ఉఫ్ అని వదిలాను. ఆమె నవ్వి, అలాగే చేసింది. రెండుసార్లు చేయించాను. అప్పుడు లోపలికి వెళ్ళి నొక్కాను. మోటారు గుయ్యిమంది, బొమ్మ పడింది. ఎర్ర అంకె రెండు.

బయటికొచ్చాను. రాయికోడ్ బస్సుకి ఇంకా టైముంది. మల్లప్ప బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరవలేదు.  నేను తర్వాతి మనిషి పేరు పిలిచి లోపలికి వెళ్ళాను. ఆయన లేచి వెళ్ళిపోలేదు, వింటూ కూర్చున్నాడు. నాలుగింటిదాకా మోటారు చప్పుడు ప్రతి ఒక్కటీ విన్నాడు.